నల్లమందు యుద్ధంలో మనవాళ్లు

సింగపూరులో పనిచేసిన రోజుల్లో మధ్యాహ్న భోజనానికి నాతోపాటు కూర్చునే సహోద్యోగి ఒకతను ఉండేవాడు. దక్షిణ చైనాలోని రేవుపట్నం గ్వాంగ్‌జౌ అతని సొంత ఊరు. ఒకరోజు చిన్ననాటి బడి కబుర్లు చెప్పుకుంటుంటే, ఊరికి ఉత్తరాన ఉన్న సాన్‌యువాన్‌లీ అనే చోటికి పిల్లలందరినీ తీసుకువెళ్లేవారని చెప్పాడు. 1841లో అక్కడి పల్లెజనం పారలు, బల్లేలు పట్టుకుని బ్రిటిష్ సేనను చుట్టుముట్టిన చోటు అది. చైనాలో ఆ సంగతి తెలియని బడిపిల్లలు ఉండరట. అంతా చెప్పి చివర, "అప్పుడు వాళ్లతో మీవాళ్లు కూడా వచ్చారు కదా" అన్నాడు. ఆ మాటలో నింద లేదు. బయట వాన పడుతోంది అన్నంత మామూలుగా అన్నాడు. నేను మాత్రం క్షణం ఆగకుండా, "అప్పటికి మేమే బానిసలం, వచ్చింది బ్రిటిష్ సైన్యం" అన్నాను. అతను తలూపి సూపు గిన్నె దగ్గరకు లాక్కున్నాడు.

నా జవాబులో అబద్ధమేమీ లేదు. అయినా ఆ తొందర నన్ను చాలా రోజులు ఇబ్బంది పెట్టింది. అడగని నేరానికి సంజాయిషీ ఎందుకిచ్చాను? ఆ సంజాయిషీ నాకు అంత సిద్ధంగా ఎలా దొరికింది? ఆలోచించగా తోచినదేమిటంటే, మనం నల్లమందు యుద్ధాలను (1839–42లో, 1856–60లో చైనా మీద బ్రిటన్ చేసినవి) పక్కింటివాడికి జరిగిన అన్యాయంగానే చదువుకున్నాం. ఒకే దొంగ చేతిలో నష్టపోయిన ఇద్దరిలో మనమొకరం, చైనా ఇంకొకరు అన్న భావన మనకు హాయిగా ఉంటుంది. కానీ ఆ యుద్ధాలకు మూలమైన సరుకు, దాన్ని మోసిన ఓడలు కొన్ని, దానితో కోట్లు గడించిన షావుకార్లు కొందరు, దానికోసం తుపాకి పట్టిన సిపాయిలు వేలమంది ఇక్కడినుంచే వెళ్లారు. కాబట్టి అది మన చరిత్ర కూడా అని, మన చరిత్రగానే దాన్ని చదవాలని నా వాదన. అలా చదవడంలో కొన్ని చిక్కులున్నాయి. నాకే పూర్తిగా తెగని చిక్కులు కూడా ఉన్నాయి.

సరుకు పుట్టిన చోటు

నేను బడిలో చదివిన చరిత్ర పుస్తకంలో ఇంగ్లండు చైనాకు నల్లమందు ఎగుమతి చేసింది అని ఒక్క వాక్యం ఉండేది. ఇంగ్లండు చలికి నల్లమందు ఎలా పండుతుందని మాలో ఎవరమూ అడగలేదు, ఉపాధ్యాయుడూ చెప్పలేదు. పండింది బీహారులో, బనారసు ప్రాంతంలో, మాళవంలో. మనం మసాలాలో నూరుకునే గసగసాల మొక్కే అది. బెంగాలులో నల్లమందు గుత్తాధికారాన్ని 1773లో గవర్నరు వారన్ హేస్టింగ్స్ ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం చేతికి తెచ్చాడు. ఆ శతాబ్దం ముగిసేసరికి కంపెనీ అనుమతి లేకుండా అక్కడ ఎవరూ ఆ పంట వేయడానికి వీల్లేని స్థితి వచ్చింది. రైతుకు ముందుగా బయానా ఇచ్చేవారు, ఎంత నేలలో వేయాలో రాసుకునేవారు, ధర తామే నిర్ణయించేవారు. కాయ పచ్చిగా ఉండగానే దానికి గాట్లు పెట్టడం, కారి గడ్డకట్టిన పాలను మర్నాడు పొద్దున్నే గీరి తీయడం ఇల్లంతా కలిసి చేసే చాకిరీ. చేతికొచ్చిన సొమ్ము కౌలుకు, అప్పుకు పోగా మిగిలేది స్వల్పం. అయినా బయానా ఒకసారి పుచ్చుకున్నవాడికి మరుసటి ఏడు మానుకోవడం మాటల్లో అయ్యే పని కాదు.

పాట్నా, ఘాజీపూర్ కర్మాగారాల్లో ఆ సరుకును ఉండలు చుట్టి, గసగసాల పూరేకులతోనే చేసిన అట్టల్లో పొదిగి, పెట్టెకు 40 ఉండల చొప్పున సర్ది, గంగ మీదుగా కలకత్తాకు పంపేవారు. పెట్టె బరువు సుమారు 64 కిలోలు. కలకత్తాలో వేలంపాట జరిగేది, పాట ముగిసిన క్షణాన కంపెనీ చేతులు కడుక్కునేది. చైనాలో నల్లమందు అమ్మకాన్ని 1729లోనే చక్రవర్తి నిషేధించాడు, తరువాత దిగుమతి కూడా నిషేధమైంది. కంపెనీ సొంత ఓడల్లో ఆ సరుకు దొరికితే గ్వాంగ్‌జౌలో తేయాకు కొనే హక్కే పోతుంది. అందుకని కొనుక్కున్న ప్రైవేటు వర్తకులు తమ ఓడల్లో గ్వాంగ్‌జౌ నదీముఖంలోని లింటిన్ దీవి దాకా తీసుకుపోయేవారు, అక్కడినుంచి చైనా దొంగరవాణా పడవలు అందుకునేవి. అమ్మగా వచ్చిన వెండిని ఆ వర్తకులు గ్వాంగ్‌జౌలోని కంపెనీ ఖజానాలో జమకట్టి లండనులోనో కలకత్తాలోనో సొమ్ము చెల్లయ్యే హుండీ పత్రాలు తీసుకునేవారు. ఆ వెండితోనే కంపెనీ తేయాకు కొనేది. 1784లో బ్రిటిష్ ప్రభుత్వం తేయాకు సుంకాన్ని నూటికి వంద పైచిలుకు నుంచి 12.5 శాతానికి దించిన తరువాత అక్కడ టీ వాడకం విపరీతంగా పెరిగింది. చైనావాళ్లకు బ్రిటన్ ఉన్నిగుడ్డల మీద మోజు లేదు, వెండి తప్ప మరొకటి పుచ్చుకోరు. ఆ వెండి బెడద బీహారు పొలాలతో తీరింది.

ఎంత పకడ్బందీ ఏర్పాటో చూడండి. అందులో నేరం చేసినవాడు ఎక్కడా కనబడడు. రైతు ప్రభుత్వ లైసెన్సుతో పండిస్తాడు, ప్రభుత్వం తన నేలమీద చట్టబద్ధంగా వేలం వేస్తుంది, వర్తకుడు చట్టబద్ధంగా కొంటాడు, సముద్రం మీద ఏం జరిగిందో ఎవరికీ పట్టదు.

1800 నాటికి ఏటా నాలుగు వేల పెట్టెల ప్రాంతంలో ఉన్న రవాణా 1838–39 నాటికి 40,000 పెట్టెలకు చేరింది. ఒకప్పుడు చైనాలోకి పారిన వెండి 1820ల తరువాత బయటకు పారడం మొదలైంది. దీని దెబ్బ నల్లమందు ముట్టనివాడికి కూడా తగిలింది. అక్కడి రైతు సంపాదించేది రాగి కాసుల్లో, పన్ను కట్టవలసింది వెండి విలువలో. ఒక టేల్ (చైనా తూకం, సుమారు 37 గ్రాములు) వెండికి వెయ్యి కాసులుగా ఉన్న మారకం 1830ల చివరికి 1,600 దాకా పోయింది. ఏ శాసనమూ లేకుండానే పన్ను సగానికి పైగా పెరిగిందన్నమాట.

నల్లమందును అరికట్టమని చక్రవర్తి పంపగా 1839 మార్చి 10న గ్వాంగ్‌జౌకు వచ్చిన ప్రత్యేక అధికారి లిన్ జెషుకు ఈ సరుకు ఎక్కడిదో బాగా తెలుసు. విక్టోరియా రాణికి ఆయన రాసిన లేఖలో, మీ ఏలుబడిలో ఉన్న బెంగాలు, మద్రాసు, బొంబాయి, పాట్నా, బనారసు, మాళవాలలో కొండకొండనా ఈ పంట వేస్తున్నారని, దాన్ని పెరికించి తిండిగింజలు వేయించమని కోరాడు. నా పుస్తకం చెప్పని సంగతి నూట యాభై ఏళ్ల ముందే ఆయన ఊరూపేరుతో సహా రాశాడు. మద్రాసు పేరు చేర్చడంలో ఆయన పొరపడ్డాడు, ఆ పంటకు మద్రాసు ప్రెసిడెన్సీతో సంబంధం లేదు. అయితే ఏడాది తిరగకుండానే మద్రాసు నుంచి ఆయన ఊహించనిది వెళ్లింది.

తెలంగాలు

ఉత్తర భారతంలో కంపెనీ సిపాయిని చాలాకాలం "తిలంగా" అనేవారు. ప్లాసీ నాటి రోజుల్లో తొలి సిపాయిలు మద్రాసు వైపునుంచి, తెలుగుతీరం నుంచి బెంగాలుకు వెళ్లడంతో వచ్చిన పేరు అది. 1857లో ఢిల్లీలో తిరగబడిన అవధు సిపాయిలను సైతం ఆ ఊరివాళ్లు తిలంగాలనే పిలిచారు. మన జాతిపేరు ఒక ఉద్యోగానికి పేరైన వింత సందర్భం ఇది.

చైనా మీదికి వెళ్లిన నౌకాదళం 1840 వేసవిలో సింగపూరు రేవులో సమకూడింది. మేము రోజూ అన్నం తిన్న చోటికి అది ఎంతో దూరం కాదు. ఆ సేనలో మద్రాసు ఫిరంగిదళం, శాపర్లు (దారులు, కందకాలు సిద్ధం చేసే సైనికులు) ఉన్నారు, 37వ మద్రాసు పటాలం వెనుక వచ్చి చేరింది. యుద్ధం ముగిసే నాటికి మరికొన్ని మద్రాసు పటాలాలు చేరాయి. ఈ పటాలాల్లో తెలుగువాళ్లు, తమిళులు, దక్కను ముస్లింలు కలిసే ఉండేవారు. ఉత్తర సర్కారుల నుంచి సిపాయి ఉద్యోగంలో చేరడం అప్పటికే తరాలుగా వస్తున్న అలవాటు. అందులో తెలుగువాళ్లు ఎందరని లెక్కతీసి గర్వపడటమో సిగ్గుపడటమో నా ఉద్దేశం కాదు. ఆ యుద్ధపు కథలో వాళ్లను బ్రిటిష్ సైన్యం అనే మాట వెనుక దాచేయడం మీదనే నా అభ్యంతరం.

సాన్‌యువాన్‌లీలో నిజంగా జరిగింది ఇది. 1841 మే నెల చివర బ్రిటిష్ సేనాని హ్యూ గఫ్ గ్వాంగ్‌జౌ ఉత్తరాన గుట్టలమీది కోటలు పట్టుకున్నాడు. ఊరిని కొల్లగొట్టకుండా ఉండేందుకు 60 లక్షల డాలర్ల పరిహారం ఖాయమైంది. ఈలోగా సేనలు చుట్టుపట్ల పల్లెల్లో తిండికోసం దోచుకోవడం, సమాధులు తవ్వడం, స్త్రీల మీద అఘాయిత్యాలు జనాన్ని రగిలించాయి. 30వ తేదీన వేలమంది పోగయ్యారు. వాళ్లను చెదరగొట్టడానికి వెళ్లి వెనుదిరుగుతుండగా పెద్ద గాలివాన వచ్చింది, 37వ పటాలంలో ఒక కంపెనీ, అరవైమంది దాకా, వరిమళ్ల నడుమ దారితప్పి చిక్కుకుపోయింది. వాళ్లవి చెకుముకి తుపాకులు. మందు తడిసిపోయింది. వెదురుగడల చివర కొక్కేలు కట్టి గ్రామస్థులు వాళ్లను ఒక్కొక్కరిగా వరుసలోంచి లాగడానికి చూశారు. వానలోనూ పేలే కొత్తరకం తుపాకులున్న నావికదళం రాత్రివేళ వెతుక్కుంటూ వచ్చి వాళ్లను కాపాడింది. ఒక సిపాయి చనిపోయాడు, పద్నాలుగు పదిహేనుమంది గాయపడ్డారు. యుద్ధం లెక్కలో ఇది చాలా చిన్న ఘటన. చైనా జ్ఞాపకంలో మాత్రం సామాన్యులు సామ్రాజ్యాన్ని ఎదిరించిన తొలిఘట్టం. అటు కొక్కేలు పట్టినవాళ్లూ, ఇటు తడిసిన తుపాకులతో చతురస్రంగా నిలబడ్డవాళ్లూ వరిపొలం గట్టు తెలిసినవాళ్లే.

ఆ చివరి వాక్యం రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను. అందులో ఒక మోసం ఉందేమోనని నా భయం. ఇద్దరూ రైతుబిడ్డలే అనగానే మనకు కళ్లు చెమరుస్తాయి, దానితో అసలు ప్రశ్న చల్లగా జారిపోతుంది. సిపాయి జీతానికి వెళ్లాడు, నిజమే. కరువుల కాలంలో నెలజీతం, భత్యం, పింఛను ఎంత పెద్ద ఆశో ఊహించగలం. అయితే దోపిడీ జరిగిన పల్లెలో ఆడమనిషికి తన గుమ్మంలో నిలబడ్డవాడు ఏ కరువు నుంచి వచ్చాడన్నది అనవసరం. ఈ రెండింటిలో ఏదో ఒకటే నిజమని తేల్చే శక్తి నాకు లేదు. రెంటినీ కలిపే చెప్పాలన్నంతవరకు మాత్రం గట్టిగా అనగలను.

"స్వేచ్ఛా వాణిజ్యం" అనే మాట

ఇదంతా విన్న ఒక మిత్రుడు వేరే అభ్యంతరం చెప్పాడు. అది నల్లమందు కోసం జరిగిన యుద్ధమే కాదు, తలుపులు మూసుకున్న దేశంతో సమాన మర్యాదల కోసం జరిగిన యుద్ధం అన్నాడు. ఈ వాదన కొత్తది కాదు. అమెరికా మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ 1841లోనే, బోస్టన్ రేవులో పారబోసిన తేయాకు అమెరికా విప్లవానికి ఎంత కారణమో నల్లమందు ఈ యుద్ధానికి అంతే కారణమని, చక్రవర్తి ముందు సాష్టాంగపడాలన్న నియమమే అసలు కారణమని ఉపన్యసించాడు. ఇందులో నిజం బొత్తిగా లేదనను. 1757 తరువాత పాశ్చాత్యుల వర్తకం ఒక్క గ్వాంగ్‌జౌకే పరిమితమైంది, అధికారులతో నేరుగా మాట్లాడటానికి లేదు, ఏది కొన్నా అమ్మినా ప్రభుత్వ అనుమతి ఉన్న హాంగ్ వర్తకుల ద్వారానే. 1793లో బ్రిటన్ పంపిన మెకార్ట్‌నీ రాయబారం ఏమీ సాధించకుండా తిరిగొచ్చింది. ఇవి చిరాకు కలిగించే నియమాలే.

అయితే లెక్కల దగ్గరికి వచ్చేసరికి ఈ వాదన నిలబడదు. లిన్ జెషు విదేశీ వర్తకులను వాళ్ల కోఠీల్లో (వర్తక భవనాల్లో) నిర్బంధించినప్పుడు, బ్రిటిష్ ప్రతినిధి చార్లెస్ ఎలియట్ ఆ సరుకును తన ప్రభుత్వం పేరు మీద తీసుకుని 20,283 పెట్టెలు అప్పగించాడు. ప్రైవేటు దొంగసరుకు నష్టం ఆ ఒక్క సంతకంతో బ్రిటిష్ రాజ్యానికి రావలసిన బాకీగా మారింది. 1839 జూన్ 3 నుంచి గ్వాంగ్‌జౌ దగ్గరి హూమెన్‌లో గోతులు తవ్వించి, ఉప్పునీటిలో, సున్నంలో ఆ సరుకును కరిగించి సముద్రంలోకి వదిలారు. జలచరాలకు కీడు కలుగుతుందని లిన్ ముందుగా సముద్రదేవతకు క్షమాపణ కూడా చెప్పుకున్నాడు. మరుసటి ఏప్రిల్‌లో బ్రిటిష్ పార్లమెంటులో యుద్ధాన్ని తప్పుపట్టే తీర్మానం 262కి 271 ఓట్లతో, అంటే తొమ్మిది ఓట్ల తేడాతో వీగిపోయింది. 1842 ఆగస్టు 29 నాటి నాన్‌జింగ్ సంధిలో చైనా చెల్లించవలసిన 2 కోట్ల 10 లక్షల డాలర్లలో 60 లక్షలు నాశనమైన నల్లమందు ఖరీదు. మర్యాద కోసం చేసిన యుద్ధంలో సరుకు బిల్లు ఎందుకు వసూలు చేశారు?

ఇంకో విడ్డూరం నన్ను మరీ తొలుస్తుంది. స్వేచ్ఛా వాణిజ్యం పేరుతో ఫిరంగులు పేల్చినవాళ్లు అమ్ముతున్న ఆ బెంగాలు సరుకు అప్పటి ప్రపంచంలోకెల్లా కట్టుదిట్టమైన ప్రభుత్వ గుత్తాధికారంలో తయారైనది. తన పొలంలో ఏం వేయాలో, ఎంతకు అమ్మాలో బీహారు రైతుకు స్వేచ్ఛ లేదు. గ్వాంగ్‌జౌలో వర్తకుడికి స్వేచ్ఛ కావాలి. ఈ వైరుధ్యం చైనా వైపునుంచి మాత్రమే చదివితే కనబడదు, ఇంగ్లండు వైపునుంచి చదివితే అసలే కనబడదు. మన వైపునుంచి చదవాలని నేననడానికి ఇది పెద్ద కారణం.

చైనావాళ్ల తప్పు లేదా అని అడిగేవారికి క్లుప్తంగా చెబుతాను, ఉంది. లంచాలు మెక్కిన తీరపు అధికారులు, సరుకు దించుకున్న దళారులు అక్కడివాళ్లే. ఆ శతాబ్దం చివరికి చైనాలోనే పండిన నల్లమందు దిగుమతిని మించిపోయింది. దొంగకు తలుపు తీసినవాడున్నాడని దొంగతనం రద్దవదు.

బొంబాయి లాభం, కలకత్తా ఖజానా

రైతుకు, సిపాయికి బలవంతం అనే మినహాయింపు కొంత ఇవ్వగలిగితే, ఆ మినహాయింపు బొంబాయి షావుకార్లకు ఇవ్వడం కష్టం. కంపెనీ పట్టుకు లొంగని మాళవ నల్లమందు బొంబాయి మీదుగా వెళ్లేది, పార్శీలు, గుజరాతీలు, మార్వాడీలు అందులో చురుకుగా ఉన్నారు. నల్లమందు అమ్మే బ్రిటిష్ సంస్థ జార్డిన్ మాథెసన్‌కు ఆప్తుడైన జంషెట్జీ జీజీభాయ్ చైనా వర్తకంలో అపారంగా గడించి, ఆసుపత్రికి, బడులకు, బాటలకు ధారాళంగా ఖర్చుపెట్టాడు. నాన్‌జింగ్ సంధి జరిగిన 1842లోనే ఆయనకు నైట్ బిరుదు వచ్చింది, భారతీయుల్లో తొలివాడు. ఆ ఆసుపత్రిలో బాగైన లక్షలమందిని కాదనలేం. ఆ ధనం ఎక్కడిదో అడగకుండానూ ఉండలేం. సంధి మీద సంతకాలు జరిగిన కార్న్‌వాలిస్ యుద్ధనౌక కూడా బొంబాయి రేవులో ఓడలు కట్టే పార్శీ కుటుంబం వాడియాల చేతిమీద టేకుతో తయారైనదే.

రెండో యుద్ధం నాటికి రెండు దేశాల కథ విడదీయలేనంతగా పెనవేసుకుంది. 1857లో చైనా మీదికి వెళుతున్న బ్రిటిష్ రాయబారి ఎల్గిన్ ప్రభువుకు సింగపూరులో కబురు అందింది, ఇక్కడ సిపాయిల తిరుగుబాటు మొదలైందని. అతను తన సేనను కలకత్తాకు మళ్లించాడు. చైనాకు కొంత గడువు మన తిరుగుబాటు వల్ల దొరికింది. మరుసటి ఏడు గ్వాంగ్‌జౌలో పట్టుబడిన గవర్నరు యె మింగ్‌చెన్‌ను బందీగా కలకత్తాకు తరలించారు, 1859లో ఆయన అక్కడే చనిపోయాడు. 1858 చివర షాంఘైలో కుదిరిన సుంకాల ఒప్పందంతో పికల్ బరువుకు (సుమారు 60 కిలోలు) 30 టేళ్ల వెండి సుంకం కట్టి నల్లమందును బాహాటంగా దించుకునే వీలు కలిగింది. అంతకుముందు లేని చట్టబద్ధత రెండో యుద్ధం సాగుతుండగా వచ్చింది.

అన్నిటికంటే నాకు మింగుడుపడనిది ఆ తరువాతి సంగతి. నల్లమందు ఆదాయానికి బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం అలవాటుపడింది, భూమిశిస్తు తరువాత లెక్కకొచ్చే పెద్ద రాబళ్లలో అది ఒకటి. 1893లో నల్లమందు మీద విచారణకు రాయల్ కమిషన్ వేసినప్పుడు దాదాభాయి నౌరోజీ వంటివారు ఈ వర్తకాన్ని పాపమన్నా, మనవాళ్లలో చాలామంది నసిగారు. ఈ రాబడి ఆగితే ఆ లోటు కొత్త పన్నులుగా మన నెత్తినే పడుతుందన్నది వాళ్ల భయం. ఆ భయం అన్యాయమైనదేమీ కాదు, ప్రభుత్వం అంత పనీ చేసేదే. కానీ పరాయి దేశపు మత్తుమీద నిలిచిన ఖజానాను కాపాడుకోవడం అప్పటికి మన స్వార్థం కూడా అయింది. ఏటేటా తగ్గించుకుంటూ పోవాలన్న ఒప్పందం 1907లో గానీ కుదరలేదు.

ఇంత తవ్వాక ఆ సహోద్యోగికి ఒక సందేశం పెట్టాను. అప్పుడు నేనిచ్చిన జవాబు సగమేనని, అవును, మావాళ్లు వచ్చారని రాశాను. అంతటితో ఆపలేక ఇంకో సంగతి చేర్చాను. 37వ మద్రాసు పటాలంలో ఒక భాగాన్ని ఎక్కించుకుని వెళ్లిన ఓడ 1840లో చైనా సముద్రంలో తుఫానుకు చిక్కి, సిపాయిలతో సహా ఆచూకీ లేకుండా పోయిందని, దాని పేరు గోల్కొండ అని. చాలాసేపటికి బదులు వచ్చింది. సాన్‌యువాన్‌లీ గురించి ఒక్క మాట లేదు. గోల్కొండ అంటే ఏమిటని అడిగాడు. మా ఇంటినుంచి బస్సులో గంట దూరంలో ఉన్న కోట అని రాసి, కిందటి వానాకాలంలో పిల్లలతో తీసుకున్న ఫొటో ఒకటి పంపాను.